చిన్నప్పుడు దెబ్బతిన్న పిల్లలు తేరుకోవాలంటే ఇంట్లో ఏం చేయాలి, ఎలా చేయాలి

"మేడమ్, మా చెల్లెలి కొడుకు ఏడాదిగా మా దగ్గరే ఉంటున్నాడు. వాళ్ల నాన్న రోజూ తాగొచ్చి కొట్టేవాడు. ఇప్పుడు ఆ ఇంటి నీడ కూడా లేదు, అయినా వీడు మామూలు కావట్లేదు. ఏం చేయమంటారు?"

బడి పిల్లలకు కౌన్సెలింగ్ చేసే నాకు ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంటుంది. ఒకసారి మౌలాలి నుంచి ఒక పెద్దమ్మ, ఇంకోసారి కూకట్‌పల్లి నుంచి ఒక అన్న, మరోసారి పాతబస్తీ నుంచి ఒక టీచరమ్మ. ఒకరింట్లో తల్లి పోయింది, ఇంకొకరి పిల్ల ప్రమాదాన్ని కళ్లారా చూసింది, మరొకరి పిల్లాణ్ని హాస్టల్లో సీనియర్లు హింసించారు. కొన్ని ఇళ్లల్లో నమ్మిన మనిషే చెయ్యకూడని పని చేశాడు. విడివిడిగా అందరికీ చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఇది 11 నుంచి 20 ఏళ్ల మధ్య పిల్లలున్న ఇళ్లకు పనికొస్తుంది. అంతకంటే చిన్నవాళ్లకు ఆటల ద్వారా చేసే పద్ధతులు వేరు.

సిద్ధాంతం ఒక్క పేరాలో చెప్పేస్తాను. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మందిని పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు అన్నీ కలిసి మీదపడ్డ పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి, కన్నవాళ్లు కాకపోయినా సరే, వదిలిపెట్టకుండా పట్టించుకున్న పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారు. అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటావిడ కావచ్చు. ఇది చదువుతున్నారంటే మీ ఇంట్లో ఆ ఒక్కరు బహుశా మీరే.

కావలసినవి

రోజుకు 20 నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టేసి. ఇది మీ దగ్గర లేకపోతే మిగతావి ఉన్నా లాభం లేదు.

గోడ క్యాలెండరు ఒకటి. 100 పేజీల నోటుబుక్కు ఒకటి. ఇది మీరు రాసుకోవడానికి, పిల్లలకు చూపించడానికి కాదు.

పిల్లకు తనదంటూ ఒక చోటు. విడిగా గది ఇచ్చే స్తోమత అందరికీ ఉండదు, నాకు తెలుసు. ఒక్క గది ఇంట్లో కూడా మూలన తాళం ఉన్న చిన్న ట్రంకుపెట్టె పెట్టొచ్చు. ఆ తాళంచెవి పిల్ల దగ్గరే ఉండాలి, దాన్ని ఇంకెవరూ తెరవకూడదు.

ఫ్రిజ్ మీద మూడు నంబర్లు: పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, ప్రాణం మీదికొస్తే 112. మూడూ ఉచితం, 24 గంటలూ పనిచేస్తాయి.

1. ముందు, ఆ దెబ్బ ఆగిందో లేదో చూసుకోండి

కొట్టే మనిషి ఇంకా ఇంటికి వస్తున్నా, వేధించినవాడు పెళ్లిళ్లలో పేరంటాల్లో ఎదురుపడుతున్నా, కింది అంచెలేవీ పనిచేయవు. గాయం ఇంకా అవుతుండగా కట్టు కట్టలేం. "మామయ్యకి దణ్ణం పెట్టు" అని ఆ మనిషి కాళ్ల దగ్గరికే పిల్లను పంపిన ఇళ్లు చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక వేధింపు జరిగితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం నేరం. పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసుకునే వ్యవహారం కాదిది. స్టేషన్ మెట్లెక్కాలంటే భయమైతే, హైదరాబాద్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన భరోసా కేంద్రానికి వెళ్లొచ్చు. పోలీసు, న్యాయ, వైద్య సాయం, కౌన్సెలింగ్ అన్నీ అక్కడే అందేలా పెట్టారు. వాంగ్మూలాన్ని పిల్ల ఉండే ఇంట్లో గానీ తనకు ఇష్టమైన చోట గానీ తీసుకోవాలి. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళే అయి ఉండాలి. పిల్ల పేరు, ఊరు, బడి ఏవీ పత్రికల్లో రాకూడదు. ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి, అడిగి తీసుకోండి.

హెచ్చరిక: జరిగి 72 గంటలు దాటకపోతే బట్టలు ఉతకకుండా, వీలైతే స్నానం చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. గర్భం, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులకు ఆ గడువు చాలా ముఖ్యం. ప్రైవేటు ఆస్పత్రయినా సరే ఉచితంగా చికిత్స చేయాల్సిందే. ఎఫ్‌ఐఆర్ తెచ్చాకే చూస్తామనడానికి వీల్లేదు.

2. రోజులో ఒక్క గంటను కదలకుండా నిలబెట్టండి

ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియని ఇంట్లో పెరిగిన పిల్లలకు "తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు" అనే నమ్మకమే మొదటి మందు. అలాగని పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించకండి. చాలామంది ఉత్సాహం కొద్దీ చేసే తప్పు ఇదే, నాలుగో రోజుకల్లా అది చిరిగిపోతుంది.

ఒక్కదానితో మొదలుపెట్టండి. నా సలహా రాత్రి భోజనం. 8 గంటలకు అన్నారంటే 8 గంటలకే. టీవీ కట్టేసి, అందరూ కింద కూర్చుని. తినకపోయినా పక్కన కూర్చుంటే చాలనండి. మూడు వారాలు నిలిచాక నిద్రవేళ కలపండి, ఆ తర్వాత లేచే వేళ.

దీనితోపాటే చిన్న మాటలు నిలబెట్టుకోవడం. ఒక మేనమామ 15 ఏళ్ల అబ్బాయికి అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర 6 గంటలకు వస్తానని చెప్పి 6:40కి వచ్చాడు. ట్రాఫిక్, ఆయన తప్పేం లేదు. అబ్బాయి మూడు రోజులు మాట్లాడలేదు, అన్నం పళ్లెం విసిరేశాడు. "ఇంత చిన్నదానికా" అన్నాడాయన నాతో. వాడి లెక్కలో అది 40 నిమిషాల ఆలస్యం కాదు, మళ్లీ ఒక పెద్దమనిషి రాకపోవడం. ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేయండి. చేయలేకపోతే ఇంటికొచ్చాక సాకులు చెప్పకుండా "నేను వస్తానన్నాను, రాలేదు, క్షమించు" అనండి. పిల్లలకు సారీ చెబితే చులకనవుతామనే భయం పెట్టుకోకండి. ఈ పిల్లల్లో చాలామందికి అంతకుముందు ఏ పెద్దమనిషీ ఆ మాట చెప్పి ఉండరు.

3. ఉలికిపాటు ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోండి

నోటుబుక్కు ఇందుకే. పేజీని మూడు గళ్లు చేయండి: ఏం చేసింది, దానికి ముందు చుట్టూ ఏముంది, మామూలు కావడానికి ఎంతసేపు పట్టింది. "ముందు" గడిలో శబ్దాలు, వాసనలు, వేళలు, మనుషులు రాయండి. పిల్ల మనసులో ఏముందో ఊహించి రాయకండి, మీ కంటికి కనిపించిందే రాయండి.

ఒక 14 ఏళ్ల అమ్మాయికి రోజూ రాత్రి 10కి కడుపునొప్పి వచ్చేది. స్కానింగులు చేయించారు, ఏమీ లేదు. "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అన్నారు ఇంట్లో. రెండు వారాల నోటుబుక్కు ముందేసుకుని చూస్తే, నొప్పి వచ్చిన ప్రతిసారీ కింద కిరాణా కొట్టు షట్టర్ పడుతోంది. ఒకప్పుడు వాళ్ల నాన్న ఇంటికొచ్చి ఇనుప గేటు విసిరికొట్టే శబ్దం అలాగే ఉండేదట. వాళ్ల పిన్ని వెళ్లి కొట్టాయనతో విషయమేమీ చెప్పకుండా "అన్నా, షట్టర్ వేసే ముందు ఒక కేకేయండి, పాప ఉలిక్కిపడుతోంది" అని అడిగింది. ఆయన రోజూ "చిన్నమ్మా, కొట్టు మూస్తున్నా" అని అరిచేవాడు. నెల తిరిగేసరికి ఆ అమ్మాయే కిటికీలోంచి "సరే అంకుల్" అనడం మొదలుపెట్టింది.

మన ఊళ్లో తరచూ కనిపించేవి: కుక్కర్ విజిల్, మందు వాసన, తలుపు దడాలున పడడం, దీపావళి టపాసులు, నుమాయిష్ (ఏటా జరిగే ఎగ్జిబిషన్) రద్దీ, గణేశ్ నిమజ్జనం డప్పులు, డీజేలు. నిమజ్జనం తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ముందే ఆలోచించుకోండి. మొదటి ఏడాది ఊరేగింపు దారికి దూరంగా ఉన్న చుట్టాలింటికి వెళ్లండి. రెండో ఏడాది మేడ మీద నుంచి, ఎప్పుడు కావాలంటే అప్పుడు కిందికి దిగిపోయేలా చూపించండి. మూడో ఏడాది తనే వస్తానంటే వీధి చివరి దాకా. అన్నిటి నుంచీ ఎప్పటికీ దాచేస్తే భయం పెరుగుతుంది. "అలవాటు కావాలి" అని ఒక్కసారిగా గుంపులోకి నెట్టేస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది. ఎంత దూరం అనేది పిల్లే తేల్చాలి, మీరు కాదు.

4. గుండె దడ తగ్గించుకునే చిట్కాలు, మామూలుగా ఉన్నప్పుడే నేర్పండి

ఈతను వరద వచ్చిన రోజున నేర్పలేం కదా. రాత్రి భోజనం అయ్యాక ఐదు నిమిషాలు, ఆటలా చేయండి, మీరూ కలిసి చేయండి.

మొదటిది: నాలుగు అంకెలు లెక్కపెట్టే దాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా వదలడం. పదిసార్లు. పీల్చేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది.

రెండోది: కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి పేర్లు చెప్పడం. డాబా మీద చేస్తే నీళ్ల ట్యాంకు, ఆరేసిన చీర, పావురాలు, కేబుల్ వైరు, పక్కింటి తులసికోట అంటూ ఐదూ ఇట్టే దొరుకుతాయి.

హెచ్చరిక: కొందరు పిల్లలకు కళ్లు మూసుకున్నా, ఊపిరి మీద ధ్యాస పెట్టినా భయం ఇంకా ఎక్కువవుతుంది. "సరిగ్గా చెయ్యట్లేదు" అని తిట్టకండి, పద్ధతి మార్చండి. కళ్లు తెరిచే ఉంచి రెండు చేతులతో గోడను గట్టిగా నెట్టమనండి. చల్లటి నీళ్లతో మొహం కడుక్కోవడం, నిమ్మకాయ ముక్క నాలుక మీద పెట్టుకోవడం, స్కిప్పింగ్, ఏదైనా సరే.

నిజంగా దడ వచ్చినప్పుడు వెనక నుంచి పట్టుకోకండి, కుదిపి లేపకండి. ఎదురుగా, కాస్త దూరంగా, తనకంటే ఎత్తులో కాకుండా కూర్చుని నెమ్మదిగా పేరు పెట్టి పిలవండి: "నేను పెద్దమ్మని. నువ్వు మనింట్లో ఉన్నావు. ఇవాళ మంగళవారం. తలుపు వేసే ఉంది." ఊపిరి పీల్చుకోమని ఆజ్ఞాపించకుండా మీరే నెమ్మదిగా పీల్చి వదలండి. కాసేపటికి తను కూడా అందుకుంటుంది.

5. తవ్వకండి. చెబితే మాత్రం వినండి

నేను చూసిన పెద్ద పొరపాట్లన్నీ ఈ అంచెలోనే జరుగుతాయి. "లోపలున్నదంతా కక్కేస్తే తేలికవుతుంది" అని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం ఒకటి. ఒకే సిట్టింగులో బలవంతంగా చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. రెండోది, వచ్చిన ప్రతి బంధువు ముందూ ఆ కథ విప్పడం. పిల్ల పక్క గదిలో ఉందనుకుంటాం, గోడలు పలచన. ఆ కథ పిల్లది, తను చెప్పమంటేనే చెప్పాలి.

ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన ఉంటే వస్తాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, నెక్లెస్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు, బండి మీద వెనక కూర్చున్నప్పుడు. "చెప్పాలనిపిస్తే వింటాను, లేకపోయినా ఏం పర్లేదు" అని ఒక్కసారి అనండి, మళ్లీ మళ్లీ అడగకండి.

నోరు విప్పిన రోజున మీ మొహం చాలా ముఖ్యం. "అయ్యో రామా" అని గుండెలు బాదుకుంటే, మిమ్మల్ని ఏడిపించానని తను మళ్లీ నోరు మూసుకుంటుంది. మూడు మాటలు చాలు: "నిన్ను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు. చెప్పి మంచి పని చేశావు." అదే సమయంలో "ఎవరికీ చెప్పనులే" అని ఒట్టు వేయకండి. పోలీసులకో డాక్టరుకో చెప్పాల్సి వస్తే ఆ ఒట్టు తప్పుతారు. "నిన్ను కాపాడడానికి అవసరమైన వాళ్లకే చెబుతాను, ముందు నీతో చెప్పాకే" అనండి.

ఇంట్లో అందరూ మానుకోవాల్సినవి: "అయిపోయిందేదో అయిపోయింది", "మేం పడ్డ కష్టాల ముందు ఇదెంత", "అందరిళ్లల్లో ఉండేదే", "మగపిల్లాడివి, ఏడుస్తావేంటి". చివరిదాని గురించి తండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కన్నీళ్లను ఆపేసిన మగపిల్లల్లో చాలామందికి అది కోపంగా బయటికొస్తుంది. అప్పుడు మనమే వాణ్ని మొండివాడంటాం.

6. చేతికి ఒక పని, నోటికి ఒక మాట

జరిగిన దానిమీద ఆ పిల్లకు ఏ అధికారమూ లేకపోయింది. అందుకే రోజులో కొన్నిటి మీదైనా తన మాట చెల్లాలి. రేపు ఏం కూర, దుప్పటి ఏ రంగు, ఆదివారం ఎక్కడికి అనేవి తననే తేల్చనివ్వండి. తర్వాత, ఇంకొకరికి నిజంగా అవసరమైన పని ఒకటి అప్పగించండి. గ్యాస్ బుక్ చేయడం, పాల లెక్క రాయడం, పక్కింటి మూడో తరగతి బుడతడికి ఎక్కాలు చెప్పడం. చేయకపోతే ఇంట్లో తేడా తెలిసే పని కావాలి, ఉత్తుత్తి పని అయితే పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఏదో ఒక ఆటనో, కరాటేనో, బతుకమ్మ పేర్చడమో, చిక్కడపల్లి లైబ్రరీలో సాయంత్రాలో, మార్కులతో సంబంధం లేనిది ఒకటి ఉండాలి. పదో తరగతి వచ్చిందని ముందుగా దాన్నే కోసేస్తాం. ఆ ఒక్కటీ ఉంచండి.

7. బడిలో ఒక్కరికి చెప్పండి

అందరికీ వద్దు. నమ్మదగిన టీచరు ఒకరికి, అవసరమైనంత మేరకు: "ఇంట్లో కష్టం జరిగింది. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేయొద్దు. బయటికెళ్తానంటే పంపండి, ఐదు నిమిషాల్లో వస్తుంది." వివరాలు అక్కర్లేదు. ఏం చెప్పబోతున్నారో ముందు పిల్లకు చదివి వినిపించండి.

ఇంటర్ గురించి గట్టిగా ఒక మాట. "రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే చదువులో పడి మరిచిపోతాడు" అనే ఆలోచనతో దెబ్బతిన్న కొద్ది నెలలకే పిల్లల్ని హాస్టల్లో చేరుస్తున్నారు. తెల్లారకముందే లేపి, ఫోన్ తీసేసుకుని, వారానికోసారి మార్కుల జాబితా అంటించే చోట, తన మనిషి ఒక్కరూ లేకుండా ఏ పిల్లా తేరుకోదు. కనీసం మొదటి ఏడాది డే స్కాలర్‌గా ఇంటి నుంచే పంపండి. ర్యాంకు తగ్గితే తగ్గనివ్వండి.

8. డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఎవరి దగ్గరికి

పీడకలలు, తిండి మానేయడం, బడికి వెళ్లలేకపోవడం, మొద్దుబారినట్టు ఉండడం నెల దాటినా తగ్గకపోతే వెళ్లండి. చేతులు కోసుకుంటున్నా, "నేను లేకపోతే బాగుండు" అంటున్నా ఆ రోజే వెళ్లండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, మెత్తగా అడగొచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, చాలాసార్లు పిల్లలు హమ్మయ్య అనుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి. నిద్రమాత్రలు, గడ్డిమందు, జుట్టుకు వేసే రంగు పొట్లాలు తాళం వేసి పెట్టండి. జుట్టు రంగు తాగి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లు మన రాష్ట్రంలో ఎందరో ఉన్నారు, ఇళ్లల్లో మాత్రం అది అద్దం ముందే ఉంటుంది.

ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు. డబ్బు ఇబ్బంది ఉంటే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. "ఎర్రగడ్డ" అంటే వెక్కిరింత అయిపోయింది గానీ, అక్కడ ఓపీకి వెళ్లి మందు తెచ్చుకుని మామూలుగా కాలేజీకి వెళ్తున్న పిల్లలున్నారు. ప్రైవేటుగా క్లినికల్ సైకాలజిస్ట్‌ను చూపిస్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ట్రామా ఫోకస్డ్ సీబీటీ (గాయం వల్ల వచ్చిన ఆలోచనల్ని, భయాల్ని మెల్లగా మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకం పట్టు తగ్గించే చికిత్స) అనే పద్ధతులు ఇలాంటి గాయాలకు పనిచేస్తాయని తేలినవి, వాటిలో శిక్షణ ఉందేమో కనుక్కోండి. మొదటి రోజే తల్లిదండ్రుల ముందు జరిగిందంతా చెప్పమన్న ఒక కౌన్సెలర్ దగ్గరికి నేనే ఒక అబ్బాయిని పంపాను. వాడు మళ్లీ ఏ డాక్టరు గడపా తొక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. ముందుగా అడిగి పంపాల్సింది, అడగలేదు. మీరు అడగండి.

తాయెత్తు కట్టించాలని, దిష్టి తీయించాలని నానమ్మ అంటే తీయించండి, ఆవిడ ప్రేమ అది. దానికోసం మందు ఆపొద్దు. గాలి సోకిందని కొట్టేవాళ్ల దగ్గరికి, పొగ పెట్టేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది

రోజూ చూస్తే ఏమీ తెలియదు. నెలకోసారి, నోటుబుక్కు తీసి పాత నెలతో పోల్చండి. వారంలో ఎన్ని రాత్రులు నిద్రపోయింది? ఉలిక్కిపడ్డాక మామూలు కావడానికి ముందు గంట పట్టేది, ఇప్పుడు ఎంత? ఉలికిపాట్లు ఇంకా వస్తున్నా, తేరుకునే సమయం తగ్గుతోందంటే దారి సరైనదే. "నాకు బెండకాయ వద్దు" అని మీతో గొడవపడడం, చెప్పులు కొనిపెట్టమని అడగడం, వచ్చే ఏడాది గురించి ఏదో ఒక మాట అనడం, ఇవన్నీ నాకు మార్కుల కంటే మంచి గుర్తులు.

మోసపోయే గుర్తులూ ఉన్నాయి. చెప్పిన మాట తు.చ. తప్పకుండా వినడం, ఎదురు చెప్పకపోవడం, అందరికీ ముందే అన్నీ అందించడం చూసి "ఎంత బుద్ధిమంతురాలైందో" అని మురిసిపోతాం. కొట్టే ఇంట్లో బతకడానికి నేర్చుకున్న విద్య కూడా అలాగే ఉంటుంది. అలాంటి పిల్ల మొదటిసారి మీ మీద విసుక్కున్న రోజున, మనింట్లో విసుక్కోవడానికి భయం లేదని తనకు తెలిసిందన్నమాట.

అంతా బాగుందనుకున్నాక మళ్లీ వెనక్కి వెళ్తుంది, దానికి కంగారుపడకండి. తరచూ అది తేదీల దగ్గర జరుగుతుంది: ప్రమాదం జరిగిన రోజు, తద్దినం, కోర్టు వాయిదా. గోడ క్యాలెండరు తెప్పించింది అందుకే. ఆ తేదీల దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుని వారం ముందే అడగండి, ఆ రోజు ఏం చేద్దామని. గుడికే వెళ్లాలని, ఏడవాలని, ఏడవకూడదని మీరు నిర్ణయించకండి. పోయిన ఏడాది ఒక అమ్మాయి వాళ్ల అమ్మ తద్దినం నాడు బడికి సెలవు పెట్టి, అమ్మ చేసినట్టే పచ్చిపులుసు చేస్తానంది. ఉప్పు ఎక్కువైంది. ఆ ఇంట్లో అందరూ దాంతోనే అన్నం తిన్నారు, ఆ అమ్మాయి రెండోసారి వడ్డించుకుంది.